ముద్ర చూసి కొన్నవాళ్లు లెక్క అడిగినప్పుడు

వావిలాల గోపాలకృష్ణయ్య స్మారకోపన్యాసం, పిడుగురాళ్ల

వావిలాల గోపాలకృష్ణయ్యగారి పేరు మీద మాట్లాడమని పిలిచారు. అది గౌరవమే, కాదనేంత వినయం నాకు లేదు. 1906లో సత్తెనపల్లిలో పుట్టారు. అక్కడి నుంచే నాలుగుసార్లు శాసనసభకు వెళ్లారు. అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. 1992లో పద్మభూషణ్ వచ్చింది, 2003లో వెళ్లిపోయారు. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. ఇలాంటి జీవితం ఉపన్యాసకుడికి చిక్కే, పొగడటానికి తప్ప పేచీకి చోటివ్వదు. నాకేమో పేచీ లేకుండా మాట సాగదు. అందుకని ఆయన్ను వదిలి ఆయన ఒంటిమీది ఖద్దరును పట్టుకుంటాను. రాజకీయం కోసం కొన్న వస్తువు కొన్నవాణ్ణి నిరాశపరిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు మన దేశంలో అంతకంటే మంచి సాక్ష్యం దొరకడం కష్టం.

తెలిసిన సంగతులను త్వరగా దాటేస్తాను. మన పల్నాట్లో ఏ పాల ప్యాకెట్టు ఏ పార్టీదో, ఏ పత్రిక ఎవరిదో, ఏ సిమెంటు బస్తా వెనక ఏ కుటుంబం ఉందో ఆరో తరగతి పిల్లవాడు చెబుతాడు. హెరిటేజ్‌ను 1992లో పెట్టింది చంద్రబాబునాయుడుగారని, భారతి సిమెంట్ జగన్మోహనరెడ్డిగారి పేరుతో ముడిపడిందని, అందులో 51 శాతం 2010లో ఫ్రెంచి కంపెనీ వికా చేతికి వెళ్లిందని కొత్తగా చెప్పక్కర్లేదు. పార్టీలకు వ్యాపారాలు ఉండవచ్చా లేదా అన్నది వేరే సభకు తగిన విషయం. నా పేచీ ఇంకొకచోట ఉంది. ఇలాంటి కంపెనీ మీద సొంత అభిమానులే తిరగబడితే దాన్ని ‘సిద్ధాంత ద్రోహానికి శిక్ష’ అని వ్యాఖ్యాతలు వెంటనే తేల్చేస్తారు. నమ్మకం వమ్మైంది, మనసు విరిగింది, కొనడం మానేశారు అంటారు. ప్రేమ కథకు సరిపోయే వివరణ ఇది. ఎదురుదెబ్బ ఎక్కువసార్లు లెక్క దగ్గర పుడుతుందని నా వాదన. అభిమాని అందరికంటే ఒక కాణీ ఎక్కువే ఇచ్చాడు, ఆ కాణీ ఎటు పోయిందో చెప్పేవాడు లేడు. కోపమంతా అక్కడ మొదలవుతుంది.

దీనికి నా సాక్ష్యం రెండు ధరల పెంపులు, ఒకటి 1905 నాటిది, మరొకటి 1935 నాటిది. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలు సభ విదేశీ వస్తు బహిష్కారం ప్రకటించింది. అక్టోబరు 16న బెంగాల్ విభజన అమల్లోకి వచ్చింది. బెంగాల్లో ధోవతులకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది, ఆ గిరాకీ తీర్చగల మిల్లులు మాత్రం బొంబాయి, అహమ్మదాబాదుల్లో ఉన్నాయి. మిల్లు యజమానులు ధర పెంచారు. ధర అదుపులో ఉంచండి, దేశం కోసం కొంటున్నారు అని బెంగాల్ నాయకులు బతిమాలుకున్నారు, ఫలితం అంతంతమాత్రం. సుమిత్ సర్కార్ 1973లో ప్రచురించిన స్వదేశీ ఉద్యమ చరిత్రలో ఈ వ్యవహారం వివరంగా ఉంది. విదేశీ గుడ్డకు స్వదేశీ ముద్ర వేసి అమ్మిన సంగతిని గాంధీజీ తర్వాతి కాలంలో గుర్తుచేశారు. పేద రైతు, చిన్న వర్తకుడు ఈ ఖరీదైన దేశభక్తిని మోయలేకపోయిన తీరును రవీంద్రనాథుడు 1916లో ‘ఘరే బైరే’ నవలలో చూపించాడు. ఈ ఉద్యమపు గాలి మనదాకా వచ్చింది, 1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ విశాఖ నుంచి మచిలీపట్నం దాకా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. ఉద్యమం సన్నగిల్లడానికి చరిత్రకారులు నిర్బంధం, నాయకత్వ చీలిక, మత విభేదాలు అని కారణాలు చెబుతారు, అన్నీ నిజమే. అయితే కొనేవాడి కోణంలో చూస్తే ఒక సాదా కారణం మిగులుతుంది. అతను ఎక్కువ ధర పెట్టి కొన్నాడు, ఆ ఎక్కువ బొంబాయిలో లాభంగా తేలింది.

ఇక 1935. అంతకు పదేళ్ల ముందు, 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం అప్పటిదాకా ఖద్దరును కొనేవాడికి వీలైనంత చౌకగా అందించాలని చూసింది. 1935లో గాంధీజీ ‘హరిజన్’లో తలకిందుల ప్రశ్న వేశారు. కొనేవాడి సంగతి చూశాం, వడికే ఆడమనిషి సంగతి ఎవరు చూశారు? ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలన్నది ఆయన ఆదర్శం. సంఘం అంతదూరం పోలేకపోయింది కానీ కనీస కూలి నిర్ణయించింది, కూలి పెరిగింది, ఖద్దరు ధరా పెరిగింది. అమ్మకాలు పడిపోతాయని భయపడ్డవాళ్లు బయట ఎక్కడో లేరు, సంఘం లోపలే ఉన్నారు. ముప్ఫై ఏళ్ల తేడాతో రెండుసార్లు ఒకే సంఘటన జరిగిందన్నమాట: దేశం పేరు చెప్పి అమ్మే గుడ్డ ధర పెరిగింది, నమ్మకంగా కొనేవాడు ఇబ్బంది పడ్డాడు. సిద్ధాంత ద్రోహమే కోపానికి మూలమైతే రెండోసారి కోపం రాకూడదు, ఎందుకంటే అక్కడ సిద్ధాంతం మరింత గట్టిపడింది. కేవలం ధరే మూలమైతే రెండుసార్లూ ఒకేలా ముగియాలి. రెండూ జరగలేదు. రెండోసారి సణుగుడు వచ్చింది, వాదన జరిగింది, ఖద్దరు మాత్రం నిలబడింది. పెరిగిన అణా ఎవరి చేతికి వెళుతుందో అడిగినవాడికి జవాబు ఉండటమే ఈ తేడాకు కారణమని నేనంటాను.

ఇక్కడ నా మీద వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, కొన్ని అచ్చులోనే వచ్చాయి. మిల్లు లాభం కోసం నడిచేది, చరఖా సంఘం అలా కాదు, రెంటినీ ఒకే త్రాసులో ఎలా వేస్తారు అన్నది మొదటిది. నేను తూచేది అమ్మేవాడి స్వభావాన్ని కాదు. దుకాణం గుమ్మంలో నిలబడి అదనపు డబ్బు ఇచ్చేవాడి స్థితిని తూస్తున్నాను, అతని జేబుకు రెండూ ఒకటే. రెండో అభ్యంతరం బలమైనది. 1934 బొంబాయి కాంగ్రెసు తర్వాత పార్టీ పదవుల్లో ఉండాలంటే ఖద్దరు కట్టడం నియమం, కనుక 1935 నాటి ఖద్దరు కొనుగోలుదారుడు కట్టిపడేసిన మనిషి, అతను తిరగబడలేదనడం గొప్ప కాదు అంటారు. ఈ వాదన చేసేవాళ్లు బజారును మరిచిపోతారు. సంఘం ధ్రువీకరణ లేని చౌక ఖద్దరు అమ్మే దుకాణాలు అప్పటికే ఉన్నాయి, వాటి బెడద గురించి గాంధీజీ ఊరికే రాయలేదు. నియమం పాటించినట్టు కనిపిస్తూనే తక్కువ ధరకు కొనే దారి తెరిచే ఉంది. ఆ దారిలో కొందరు పోయారు, కొందరు పోలేదు. పోనివాళ్లను కట్టిపడేసింది నియమం ఒక్కటే కాదని చెప్పడానికి ఆ దారి ఉండటమే నాకు చాలు. మూడో అభ్యంతరం ప్రకారం కొనేవాళ్లలో చాలామంది మధ్యతరగతి, కూలి పెంపు పట్ల వాళ్లకు జాలి ఉంది, లెక్క పట్ల ఆసక్తి లేదు. అయి ఉండవచ్చు. కానీ 1929 ఏప్రిల్, మే నెలల్లో గాంధీజీ ఆంధ్ర జిల్లాలన్నీ తిరిగి ఖద్దరు నిధి పోగుచేసినప్పుడు ఎక్కడ ఎంత వచ్చిందో పత్రికల్లో ప్రకటిస్తూ వచ్చారు. జాలిపడే దాతకు లెక్క అక్కర్లేకపోతే అంత శ్రమ ఎందుకు పడ్డట్టు?

దీనికి విలోమ సాక్ష్యం తూత్తుకుడిలో ఉంది. వి.ఓ. చిదంబరం పిళ్లై 1906 అక్టోబరులో నమోదు చేయించిన స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ మూలధనం 10 లక్షలు, వాటా ఒక్కటి 25 రూపాయలు. బ్రిటిష్ ఓడల కంపెనీ టికెట్ ధర ఎంత తగ్గించినా జనం స్వదేశీ ఓడే ఎక్కారు. 1908లో ఆయన జైలుకు వెళ్లారు. మిగిలిన డైరెక్టర్లు 1911లో కంపెనీ మూసేశారు, ఒక ఓడను పోటీ కంపెనీకే అమ్మేశారు. ఇది ద్రోహమే, ఎవరూ కాదనరు. అయినా జనం కోపం బహిష్కారంగా మారలేదు. అప్పటికి బహిష్కరించడానికి కంపెనీయే మిగల్లేదు. అభిమాని చేతిలో వాటా కాగితం ఉంది, డైరెక్టర్ల నిర్ణయాన్ని ఆపే బలం లేదు. పిళ్లైగారిని దేశం గుర్తుపెట్టుకుంది. ఆ వాటాదారులు ఏమన్నారో, ఏం రాశారో అన్నది మాత్రం ఎక్కువమంది పట్టించుకోలేదు.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన చిన్న పుస్తకాన్ని ఈ విషయం మీద మాట్లాడే ప్రతివాళ్లూ తలుచుకుంటారు. సరుకు నచ్చని కొనుగోలుదారుడు వెళ్లిపోతాడు లేదా గొంతెత్తుతాడు, విధేయత వెళ్లిపోవడాన్ని ఆలస్యం చేసి గొంతుకు అవకాశమిస్తుంది అన్నది అందులో సారం. అందరూ అక్కడితో ఆగిపోతారు. లోపల ఇంకో మాట ఉంది. చేరడానికి ఎక్కువ మూల్యం చెల్లించినవాడు మొదట్లో లోపాన్ని చూడటానికే ఒప్పుకోడు, చూశాక మాత్రం అందరికంటే గట్టిగా కదులుతాడు. నాకు పనికొచ్చేది ఈ రెండో మాట. అమెరికాలో మాజీ సైనికుడు ఇవాన్ హేఫర్ 2014లో పెట్టిన బ్లాక్ రైఫిల్ కాఫీ తుపాకీ అభిమానులకే అమ్ముకుంది. 2020 నవంబరులో, నిరసనల్లో ఇద్దరిని కాల్చి చంపిన కేసులో నిందితుడైన కైల్ రిటెన్‌హౌస్ ఆ కంపెనీ చొక్కాతో ఫొటోలో కనిపించాడు. అతనితో మాకు సంబంధం లేదని కంపెనీ అనేసరికి సొంతవాళ్లే విరుచుకుపడ్డారు. ఇది నా వాదానికి ఎదురు నిలిచే కేసు, సగం ఒప్పుకుంటాను. అక్కడ కాఫీతోపాటు పక్షం కూడా అమ్మారు, అమ్మిన పక్షం అందలేదని అడిగారు. మిగతా సగం ఒప్పుకోను. ఆ గొడవ తర్వాత, 2022లో, కంపెనీ స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. అమెరికా చిల్లర దుకాణాల కంపెనీ టార్గెట్ కథ వేరు. సమాన అవకాశాల లక్ష్యాలను 2025 జనవరి 24న వదులుకుంది. నల్లజాతి చర్చిల పిలుపుతో సొంత కొనుగోలుదారులే దూరమయ్యారు. ఆ తర్వాతి త్రైమాసికంలో పోల్చదగిన అమ్మకాలు 3.8 శాతం తగ్గాయి, దానికొక కారణం ఈ వ్యతిరేకత అని యాజమాన్యమే ఒప్పుకుంది. ఒక కంపెనీ మాట తప్పి తేరుకుంది, మరొకటి తప్పి దెబ్బతిన్నది. ద్రోహం ఒక్కటే కారణమైతే ఈ తేడా ఎందుకొచ్చింది? టార్గెట్ అంకెలతో కూడిన హామీ ఇచ్చింది, ఎంత మంది ఉద్యోగులు, నల్లజాతి వ్యాపారుల సరుకు ఎంత అని. అంకె ఇచ్చినవాణ్ణి అంకె అడగవచ్చు.

ఇంటికొద్దాం. 2020 డిసెంబరు 2న అప్పటి జగన్మోహనరెడ్డిగారి ప్రభుత్వం అమూల్‌తో కలిసి పాలవెల్లువ మొదలుపెట్టింది, మొదటి మూడు జిల్లాల్లో ప్రకాశం ఒకటి. లీటరుకు ఎక్కువ ధర వస్తుందన్నది ప్రకటన. 2021 ఏప్రిల్లో, తెలుగుదేశం నాయకుడి చేతిలో ఉన్న వడ్లమూడి సంగం డెయిరీని ప్రభుత్వం తన కిందికి తెచ్చుకుంటూ ఉత్తర్వు ఇస్తే మే నెలలో హైకోర్టు దాన్ని నిలిపివేసింది. రెండు పార్టీలూ పాలను తమ జెండా గుడ్డలో వడగట్టుకున్న కాలమది. పాలు పోసే మనిషికి మాత్రం వెన్న శాతం చీటీ, పది రోజుల బిల్లు, పండక్కి బోనసు ముఖ్యం. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల్లో చంద్రబాబుగారి పార్టీ గెలిచాక వారం తిరక్కుండానే హెరిటేజ్ షేరు సగానికి పైగా పెరిగింది. పార్టీ ముద్రకు బొంబాయి ఎంత వెల కట్టిందో ఆ వారం తేలింది. పాల కేంద్రంలో రేటు చార్టు షేరు ధరను చూసి మారదు. షేరు కొన్నవాడూ పాలు పోసినవాడూ ఒకే కంపెనీకి విధేయులు, కానీ ఇద్దరూ వేర్వేరు పుస్తకాలు చదువుతున్నారు. పార్టీ కంపెనీల మీద రాసేవాళ్లు మొదటి పుస్తకమే తిరగేస్తారు.

ఆంధ్రా బ్యాంకు సంగతి ఒక్క మాట. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో పెట్టినప్పుడు అది జాతీయోద్యమపు బ్యాంకు, తెలుగువాళ్ల బ్యాంకు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరైనా ఉంచండని అడిగారు, ఉంచలేదు. అయినా ఖాతాలు మూసుకుని జనం బారులు తీరలేదు. 1980లో జాతీయం చేసినప్పుడే తెలుగు ఖాతాదారుకు లెక్క అడిగే హక్కు పోయింది, మిగిలింది అభిమానం ఒక్కటే. అభిమానం ఒక్కటే ఉన్నచోట తిరుగుబాటు రాదు. సిద్ధాంత ద్రోహమన్న వివరణను నమ్మేవాళ్లు దీనికి ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

ఈ తగువు పత్రికల కాగితాలతో తేలదు, అందుకే ఇప్పుడు నేను చేస్తున్న పని వేరే రకం కాగితాల మీద. పల్నాడు, గుంటూరు, ప్రకాశం ఊళ్ల ఖద్దరు భాండారాలు, పాల సంఘాలు, పత్తి, మిరప రైతుల సహకార సంఘాలు రాసుకున్న సాధారణ సభ మినిట్సు పుస్తకాలు, ధరల పట్టీలు, సభ్యుల రిజిస్టర్లు సేకరిస్తున్నాను. ధర పెరిగిన నెలకు ముందూ తర్వాతా సభకు ఎంతమంది వచ్చారు, ఎవరు లేచి మాట్లాడారు, ఎంతమంది సభ్యత్వం వదులుకున్నారు అన్నవి అంచనాలు కావు, ఆ పుస్తకాల్లో ఉంటాయి. కాకపోతే కార్యదర్శులు గొడవనంతా ‘చర్చ జరిగినది’ అని ఒక్క ముక్కలో ముగిస్తారు, చదివే ఓపిక కావాలి. మీ ఇళ్లలో, సంఘాల బీరువాల్లో అలాంటివి ఉంటే నిర్వాహకులకు తెలియజేయండి. అసలు పుస్తకం మీ దగ్గరే ఉంచుకోవచ్చు, ఫొటో తీసుకుని ఇచ్చేస్తాం. పుటలు పోయినవైనా పరవాలేదు. 1935, 1938 మధ్యవైతే ముందు వాటినే చూస్తాను.