సెలవునాటి సూర్యగ్రహణం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక విశ్రాంత విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు చేసిన ప్రసంగపాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాల బడి చరిత్ర చెప్పడానికి నాకంటే అర్హులు ఈ వేదికపై ఉన్నారు. నాకిచ్చిన కొద్దిపాటి సమయంలో ఒక్క విషయమే మనవి చేస్తాను. అది 2031వ సంవత్సరం మే నెల 21వ తేదీ, బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంట దాటిన వేళకు సంబంధించినది. ఆనాడు వలయాకార సూర్యగ్రహణం. దాని బాట కేరళ దాటి, పడమటి కనుమలు దాటి, మన తేని, మదురై ప్రాంతాల మీదుగా తూర్పు సముద్రానికి పోతుంది. ఇప్పుడు ముందు వరుసలో కూర్చున్న ఈ చిన్నవాళ్లు నెత్తిమీది సూర్యుణ్ణి నిప్పుకణికె ఉంగరంగా చూడగల రోజు అది. ఆ రోజు బడి ఉండదు. వేసవి సెలవులు. నా బెంగ అంతా అక్కడే ఉన్నది.

ఎందుకు బెంగ అంటారేమో. కొంచెం వెనుకకు పోవాలి.

1980 ఫిబ్రవరి 16, శనివారం. ఆనాడు సంపూర్ణ సూర్యగ్రహణం రాయచూరు, నల్లగొండ, ఖమ్మం సీమల మీదుగా పోయినది. మనకిక్కడ పాక్షికమే. నేను అప్పుడు పిల్లవాణ్ణి. మా అవ్వ కుండలన్నిటిలో దర్భలు వేసి, తలుపులు బిగించి, "పట్టువిడుపు అయ్యేదాకా గడప దాటితే కాళ్లు విరుగుతాయి" అన్నది. చీకటింట్లో చాప మీద పడుకున్నాను. మాది పెంకుటిల్లు. పెంకుల సందుల నుండి ఎండ రోజూ గచ్చు మీద గుండ్రని బిళ్లలుగా పడేది. ఆ మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో చూద్దును గదా, ఆ బిళ్లలన్నీ కొడవళ్లైనవి! గచ్చు నిండా చిన్న చిన్న నెలవంకలు. గ్రహణం చూడరాదని తలుపు మూసిన ఇంట్లోనే గ్రహణం నా అరచేతిలో పడినది. అవ్వకు చూపితే కాసేపు మాట్లాడలేదు. తరువాత తానూ చేయి చాచింది. నేను విజ్ఞానశాస్త్రం చదువుకున్నది ఆ కొడవళ్ల వలననే అంటే అతిశయోక్తి కాదు.

ఆ మరునాటి సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. గ్రహణవేళ మా వీధిలో పళ్లెంలో పసుపునీళ్లు పోసి రోకలి నిలబెట్టినారు. ఆసరా లేకుండా నిలబడింది. అందరూ దండం పెట్టినారు. మరునాడు నేను అదే పళ్లెంలో అదే రోకలి నిలబెట్టినాను; నిలబడింది. అడుగు సమంగా ఉన్న రోకలి ఏనాడైనా నిలబడుతుంది. నాకు మాత్రం మొట్టికాయ పడినది.

ఇక నా తప్పు సంగతి. 2010 జనవరి 15న వలయాకార గ్రహణం వచ్చినది. కనుమ పండుగ నాడే వచ్చినది. పూర్తి ఉంగరం చూడగోరినవారు దక్షిణంగా రామేశ్వరం, ధనుష్కోటి వైపు పోయినారు. మనకు సూర్యబింబంలో చాలా భాగం మూసుకుపోయి సన్నని అంచు మిగిలినది. పండుగ సెలవులకు ముందు తరగతిలో నేను గట్టిగా చెప్పినాను: సూర్యుని వైపు చూడవద్దు, చూస్తే కళ్లు పోతాయి. అంతటితో నా ధర్మం తీరినదనుకున్నాను. సెలవుల తరువాత ఒక బాలుడు పుస్తకం పక్కకు తిప్పి చదువుతున్నాడు. ఏమిటని అడిగితే అక్షరం మధ్యలో మసక కనబడుతున్నదన్నాడు. ఇంట్లో ఉన్న పాత ఎక్స్‌రే ఫిల్ము అడ్డుపెట్టుకుని మిద్దెమీద గ్రహణం చూసినాడట. నొప్పి లేదు, నీరు కారలేదు. మదురైలో కంటి వైద్యుడు చూసి, కంటి వెనుక తెర నడిమిభాగం కాలినదని, దానికి మందు లేదని చెప్పినాడు. కొన్ని నెలలకు ఎడమకన్ను చాలావరకు తేరుకున్నది. కుడికంటి మచ్చ అలాగే ఉండిపోయినది.

ఆ బాలుడు ఒకనాడు నాతో అన్న మాట ఇది: "చూడొద్దని చెప్పినారు సార్. ఎట్లా చూడాలో చెప్పలేదు గదా."

దానికి నా వద్ద సమాధానం లేకపోయినది. ఆకాశంలో వింత జరుగుతున్నదని వార్తాపత్రికలన్నీ చాటుతుండగా పన్నెండేళ్ల పిల్లవాడు చూడకుండా ఉంటాడా? వాడు చూస్తాడు. మనం చెప్పిన పద్ధతిలో చూస్తాడా, చేతికి దొరికిన దానితో చూస్తాడా అన్నదే ప్రశ్న.

గ్రహణంనాటి సూర్యకిరణాలలో కొత్త విషమేమీ లేదు. రోజూ ఉండే సూర్యుడే. రోజూ మనం చూడము, కన్ను మిరుమిట్లు గొని తానే మూసుకుంటుంది. గ్రహణంనాడు వెలుగు తగ్గినట్లుండి కనుపాప విప్పారుతుంది, చూపు నిలుస్తుంది. కాని మిగిలిన ఆ సన్నని అంచులో వేడిమీ వెలుగూ ఎక్కడికక్కడ ఎప్పటివలెనే ఉంటవి. కంటి తెరకు నొప్పి తెలియదు. కాలినట్లు కొన్ని గంటల తరువాత గాని బయటపడదు. వలయగ్రహణంలో సూర్యుడు పూర్తిగా మరుగుపడే క్షణమే లేదు గనుక, మొదటినుండి చివరిదాకా వట్టికంటితో చూడదగిన క్షణమూ లేదు. మసిపట్టిన గాజు, నల్లకళ్లద్దాలు, ఫిల్ము ముక్కలు, సీడీలు ఏవీ పనికిరావు. వెలుగును తగ్గించినట్లు కనబడి కనబడని కిరణాలను లోపలికి వదలుతవి. పేడనీళ్లలో ప్రతిబింబం చూడడం మన ఇళ్లలో ఉన్న ఆచారమే. అదీ సురక్షితం కాదు.

2019 డిసెంబరు 26న మళ్లీ వలయగ్రహణం. ఉదయం 8 గంటల ప్రాంతంలో పట్టి 11 దాటిన తరువాత విడిచినది. కోయంబత్తూరు, దిండుక్కల్ వారు నిండు ఉంగరం చూసినారు. మనం బాట అంచు దగ్గర ఉండిపోయినాము. అదీ సెలవు రోజే! గ్రహణాలకు మన బడి పంచాంగం మీద పగ ఉన్నట్లున్నది. ఈసారి నేను తరగతిలో చెప్పి ఊరుకోలేదు. సెలవులకు ముందు సాయంకాలం తల్లులను పిలిపించినాను. పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు ఉపాధ్యాయులు వారే గదా. ఆనాడు చేసి చూపినదే ఇప్పుడూ చెబుతాను.

అరచేతి అద్దం ఒకటి తీసుకోండి. దళసరి కాగితంలో చిటికెనవేలి గోరంత రంధ్రం కత్తిరించి దానిపై అంటించండి. బంకమట్టి ముద్దలో గుచ్చి ఎండలో పెట్టి, ఆ వెలుగును చీకటిగదిలోని తెల్లగోడ మీదికి మళ్లించండి. గోడ 10 మీటర్ల దూరంలో ఉంటే దాదాపు 9 సెంటీమీటర్ల సూర్యబింబం పడుతుంది. ఎంత దూరమో దానిలో నూట తొమ్మిదో వంతు బింబం, ఇంతే లెక్క. రంధ్రం ముక్కోణంగా కత్తిరించినా గోడ మీద బింబం గుండ్రంగానే ఉంటుంది. నమ్మని పిల్లలకు ఇది చేసి చూపండి, మా అవ్వ పెంకుల సందు రహస్యం వారికే అర్థమవుతుంది. అద్దం దగ్గర పెద్దవారొకరు ఉండాలి, ఎవరూ అద్దంలోకి తొంగిచూడరాదు. అందరి చూపూ గోడమీద, సూర్యుడు వీపు వెనుక. ఇరవైమంది పిల్లలు ఒకేసారి చూడవచ్చు. అద్దం లేనివారికి బూందీగరిటె ఉన్నది, వేపచెట్టు నీడ ఉన్నది. మే నెల మధ్యాహ్నం సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు గనుక, చెట్టుకింద నేలంతా ఉంగరాలు పరచుకుంటవి.

నేరుగా చూడాలనే ముచ్చట ఉన్నవారికి ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి నిలిచిన గ్రహణపు కళ్లద్దాలు కావాలి. ముద్ర చూసి మాత్రమే నమ్మకండి. అవి పెట్టుకుంటే ఇంట్లో దీపాలు మామూలు వస్తువులు ఏవీ కనబడరాదు. గీత గాని, సూదిబెజ్జం గాని ఉంటే పారవేయండి. తల దించి పెట్టుకుని తరువాత పైకి చూడాలి; తల దించిన తరువాతే తీయాలి. వాటితో బైనాక్యులరులో గాని దూరదర్శినిలో గాని చూడరాదు. కేంద్రీకృతమైన ఎండ ఆ అద్దాన్నే కాల్చి కంటిలో పడుతుంది.

పెద్దలు ఉపవాసం ఉంటారు, స్నానం చేస్తారు. దానిపై నాకు ఆక్షేపణ లేదు. కాని పిల్లలను గదిలో పెట్టి గొళ్లెం వేయకండి. 1868 ఆగస్టు 18నాటి గ్రహణం చూడడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి పండితుడు సముద్రాలు దాటి మన గుంటూరికి వచ్చినాడు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటినప్పుడు, మదరాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారిగారు సామాన్యులకు తెలిసేలా చిన్న పుస్తకమే వెలువరించినారు. అంతదూరం ఎందుకు? మన పెరియకుళం దగ్గర కృష్ణమనాయకుని తోపు నుండి కాలిబాట ఎక్కిన కొండమీదనే, కొడైకనాలులో, 1899 నుండి సౌరశాల ఉన్నది. సూర్యుని మచ్చలలో వాయువులు వెలుపలికి ప్రవహించే తీరును 1909లో ఎవర్‌షెడ్ కనిపెట్టినది అక్కడే. ఆ కొండ పాదాన పుట్టిన పిల్లలు దాని నీడలో తలుపులు వేసుకుని కూర్చోవడం నాకు నచ్చదు.

2031కి ముందు ఒక సాధన కూడా ఉన్నది. 2027 ఆగస్టు 2, సోమవారం సాయంత్రం మనకు పాక్షికగ్రహణం. ఈ ఒక్కటి బడిరోజున వస్తున్నది. ప్రధానోపాధ్యాయులవారు ఆనాడు పిల్లలను త్వరగా ఇళ్లకు పంపివేయక, ఒక పూట ఆపి తల్లిదండ్రులను కూడా పిలవాలని ఈ సభాముఖంగా కోరుతున్నాను. ఆ పన్నెండేళ్ల బాలుడు ఇప్పుడు పెద్దవాడై ఈ సభలోనే ఉన్నాడు. ఆనాడు అద్దం దగ్గర నిలబడే బాధ్యత తనకిమ్మని నన్నడిగినాడు, నేను సరేనన్నాను.

సూర్యబింబం చూడడానికి గ్రహణమే రానక్కరలేదు. అద్దం, బంకమట్టి తెచ్చినాను. ఎండ బాగున్నది. భోజనాలకు గంట కొట్టేలోపు తల్లులు, పిల్లలు ఆరవ తరగతి గదికి రండి, కిటికీలు మూయించి ఉంచినాను.