ఇంట్లోనే టొమాటో సాస్



మా అమ్మమ్మ టొమాటోను రామములక్కాయ అనేది. ఇప్పుడది లేకుండా మనకు పూట గడవదు. పంట ఒక్కసారిగా వచ్చి పడితే, మదనపల్లె వైపు రైతులకు కోత కూలి కూడా గిట్టదు. అదే టొమాటో 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటింది. కాబట్టి చవకగా దొరికినప్పుడే సాస్ చేసి పెట్టుకోవడం తెలివైన పని.

నేను మొదలుపెట్టడానికి ఇంకో కారణం ఉందండోయ్. మా అత్తగారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. కొనే సాసుల్లో చాలావాటిలో అవి ఉంటాయి. పిల్లలు బజ్జీలు సాసులో నంచుకు తింటుంటే ఆవిడ ఊరికే చూస్తూ కూర్చునేవారు.

సరే, చేసే విధానం చెబుతాను. బాగా పండిన, గట్టి ఎర్రటి పండ్లు రెండు కిలోలు తీసుకోండి. మచ్చ పడినవి వద్దు. కడిగి, ముక్కలు కోసి, అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో మెత్తగా ఉడికించండి. పులుపు వస్తువు కదా, అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె పనికిరావు. ఉడికినదాన్ని మెదిపి జల్లెడలో వడకడితే తొక్కలు, గింజలు పైన ఉండిపోతాయి.

అంగుళం అల్లం ముక్క, నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, పది మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, పల్చని గుడ్డలో మూటకట్టి రసంలో వేయండి. సన్నని సెగ మీద కలుపుతూ ఉండండి. సగం ఇగిరాక వంద గ్రాముల పంచదార, రెండు చిన్న చెంచాల ఉప్పు, ఒక చెంచా కారం వేయండి. పళ్ళెంలో ఒక చుక్క వేసి చూడండి. చుట్టూ నీరు ఊరకపోతే పాకం కుదిరినట్టే. మూట పిండి తీసేసి, చివర్లో నాలుగు పెద్ద చెంచాల వెనిగర్ పోసి ఒక్క పొంగు రానివ్వండి. ముందే పోస్తే ఆవిరిలో పోతుంది.

అసలు కిటుకు సీసాలో ఉంది. మొదటిసారి నేను సీసాలు కడిగి, తడి ఆరకుండానే పోసేశాను. నాలుగో రోజు మూత తీస్తే బుస్సుమని నురగ! పైపైది తీసేస్తే సరిపోతుందిలే అనుకున్నాను, రెండు కిలోల పండ్లు మరి! అత్తగారేమో, "నా కోసమని అంత కష్టపడ్డావు, పారేయకు, ఇలా తే" అన్నారు. ఆ మాటకు నా గుండె ఝల్లుమంది. ప్రేమతో చేసినదే ఆవిడ ప్రాణం మీదకు తెస్తే? సీసాలన్నీ తూములో ఒంపేశాను. నురగ వచ్చినా, వాసన మారినా, బూజు కనిపించినా రుచి కూడా చూడకండి.

అందుకని గాజు సీసాలు, మూతలు చన్నీళ్ళలో పెట్టి, మరగడం మొదలయ్యాక పావుగంట ఉంచండి. తీసి ఆరనిచ్చి, సీసా వేడిగా ఉండగానే చెక్క మీద నిలబెట్టి వేడి సాస్ పోయండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. తడి చెంచా తగలనివ్వకుండా నెల రోజుల్లో వాడేయండి.

ఇప్పుడు బజ్జీలు వేసిన రోజు, సాస్ సీసా ముందుగా అందుకునేది మా అత్తగారే. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవారుంటే ఈ ఆదివారం చేసి పెట్టండి. సెలవు.