రోబో బొమ్మ అల్లుదామా?



పుట్టినరోజు పిలుపు వచ్చిందంటే మన ఇళ్ళల్లో ముందుగా పుట్టే ప్రశ్న, ‘ఏం పట్టుకెళ్దాం?’ అని. బజారుకు వెళ్తే బొమ్మలకేం కరువు లేదు. నొక్కితే నడిచేవి, అరిచేవి, కళ్ళల్లో ఎర్రదీపాలు వెలిగేవి బోలెడు. ఆ హడావిడంతా బ్యాటరీ ఉన్నన్నాళ్ళే. ఆ తరువాత అవి బీరువా మీదికి చేరతాయి. అక్కడినుంచి పాతసామాన్ల వాడి బస్తాలోకి.

ఈ కాలపు పిల్లలకు మరబొమ్మలంటే మహా ఇష్టం. 2010లో రజనీకాంత్ ‘రోబో’ వచ్చినప్పుడు చిట్టి, చిట్టి అని గంతులు వేసిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళ తరువాత పుట్టినవాళ్ళకూ ఆ మోజు తగ్గలేదు. అందుకని ఇవాళ మీకు క్రోషా సూదితో చిన్న రోబో బొమ్మ అల్లడం చెప్తాను. నిలబెడితే సుమారు 12 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. బ్యాటరీ అక్కర్లేదు, కిందపడితే విరగదు, మాసితే ఉతుక్కోవచ్చు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఇది నోటిమాటతో చెప్పే పాఠం గనుక లెక్కలు రాసుకుంటేనే మంచిది.

ముందు సరంజామా. మధ్యరకం లావున్న నూలు దారం, బూడిదరంగుది 50 గ్రాముల ఉండ ఒకటి చాలు. ఎరుపు, నలుపు, పసుపు రంగుల్లో కొద్దికొద్దిగా ఉంటే సరి. ఇదివరకు అల్లగా మిగిలిన ముక్కలైనా పనికొస్తాయి. 3 మిల్లీమీటర్ల క్రోషా సూది, లావు కన్నం ఉన్న కుట్టుసూది, కత్తెర. లోపల కూరడానికి దిండ్లలో వాడే పాలిస్టర్ దూది. బూరుగుదూది మెత్తగా ఉంటుంది నిజమే, కాని అల్లిక సందుల్లోంచి నూగు బయటికి వస్తుంది, తడిస్తే ఉండ కడుతుంది. పాతచీర పేలికలు కూరితే బొమ్మ బరువెక్కి, ఉతికాక ఆరడానికి రెండురోజులు పడుతుంది. బియ్యం, పెసలు వంటివి అసలు వద్దు, పురుగు పడుతుంది.

ఇక అల్లిక. దీనికంతకూ ఒకటే కుట్టు. అల్లికలో సూది దూర్చి దారం ఇవతలికి లాగితే సూది మీద రెండు ఉచ్చులుంటాయి. మళ్ళీ దారం చుట్టి, ఆ రెండు ఉచ్చుల్లోంచీ ఒకేసారి లాగేయాలి. అంతే. ఇప్పటి వీడియోలలో చాలావాటిలో దీన్ని సింగిల్ క్రోషా అంటారు. ఇంగ్లండు పద్ధతి పుస్తకాలు చూసి నేర్చుకున్న మన పెద్దవాళ్ళు ఇదే కుట్టును డబుల్ క్రోషా అనేవారు. పేరు చూసి కంగారుపడకండి. చేతిపని ఒక్కటే.

తల నలుచదరం పెట్టెలా రావాలి. రెండు గొలుసులు వేసి, సూదినుంచి రెండో గొలుసులోనే 8 కుట్లు వేయండి. చిన్న చక్రంలా వస్తుంది. ఇది మొదటి చుట్టు. రెండో చుట్టులో ఒక కుట్టులో ఒకటి, పక్కదానిలో మూడు, మళ్ళీ ఒకటి, మళ్ళీ మూడు, ఇలా నాలుగుసార్లు వేస్తే 16 అవుతాయి. మూడేసి వేసిన చోట్లే నాలుగు మూలలు. మూడో చుట్టునుంచి ప్రతి మూలలోనూ నడిమి కుట్టులో మూడు, మిగతావాటిలో ఒక్కొక్కటి. చుట్టుకు 8 చొప్పున పెరుగుతాయి. మూడో చుట్టుకి 24, నాలుగో చుట్టుకి 32. మన సంక్రాంతి ముగ్గులో చదరం పెరిగినట్టే పెరుగుతుంది. లెక్క తప్పిపోకుండా చుట్టు మొదలయ్యే చోట వేరే రంగు దారంముక్క గుర్తుగా పెట్టుకోండి.

32 వచ్చాక పెంచడం ఆపేయాలి. తరువాతి చుట్టు ఒక్కటీ కుట్టు తాలూకు వెనక పోగులోనే సూది దూర్చి అల్లండి. అప్పుడు అంచు మడత పడి గోడ లేస్తుంది. ఆపైన మామూలుగా ఇంకో 7 చుట్లు, పెంచకుండా, తగ్గించకుండా. మూతలేని డబ్బా తయారవుతుంది. విడిగా 32 కుట్ల చదరం ఇంకొకటి అల్లి ఉంచుకుంటే అదే మూత.

మొండెం కూడా ఇదే పద్ధతి. కాకపోతే చదరాన్ని ఇంకో చుట్టు పెంచి 40 చేయండి. గోడ 10 చుట్లు. దానికీ ఒక మూత. కాళ్ళకు 6 కుట్లతో మొదలుపెట్టి, రెండో చుట్టులో ఒక్కోదానిలో రెండేసి వేసి 12 చేసి, వెనక పోగులో ఒక చుట్టు, మామూలుగా 5 చుట్లు. చేతులకు 8 కుట్లతో మొదలుపెట్టి అలాగే 9 చుట్లు పోతే చాలు. నెత్తిమీద ఏరియల్‌కి ఎర్రదారంతో 6 గొలుసులు వేసి వాటిమీదుగానే వెనక్కి అల్లుకు రండి. పొడుగు పెంచకండి. పొడుగుంటే పిల్లలు దాన్నే పట్టుకుని ఈడుస్తారు.

అల్లిక బిగువుగా ఉండాలి. కూరిన దూది సందుల్లోంచి తెల్లగా కనబడితే ఒక సైజు సన్నసూది తీసుకోండి. దూది కూరేటప్పుడు ముందు మూలల్లోకి చిన్నచిన్న ముక్కలు నెట్టి, తరువాత మధ్య నింపాలి. మరీ కుక్కితే పెట్టె కాస్తా గుమ్మడికాయ అవుతుంది. గోడలు నిటారుగా ఉంటాయని కొందరు లోపల అట్టముక్కలు పెడతారు. ఒక్క ఉతుకుతో అవి నానిపోతాయి.

మొహం మాత్రం మూత వేయకముందే కుట్టేయాలి. అప్పుడైతే ముడులు లోపలే ఉండిపోతాయి. కళ్ళు నల్లదారంతో, నోరు కాడకుట్టుతో ఒక అడ్డగీత. ఛాతీమీద మూడు రంగుల్లో మూడు ముడికుట్లు వేస్తే మీటలు అవుతాయి. వాటికింద ఎవరికిస్తున్నామో ఆ పిల్లల పేరులో మొదటి అక్షరం తెలుగులో కుట్టండి. తరువాత అతుకు పని. మూత మూలలు గోడ మూలలకు సరిపోయేలా నాలుగుచోట్ల ముందు టాకా వేసుకుని, ఆపైన చుట్టూ కుట్టాలి. తల మొండెంమీద, చేతులు పక్కల, కాళ్ళు కింద, ఒక్కొక్కటీ రెండేసిసార్లు తిరగేసి కుట్టండి.

ఒక ముఖ్యమైన మాట. మూడేళ్ళలోపు పిల్లలకిచ్చే బొమ్మకు గుండీలు, పూసలు, గజ్జెలు, ప్లాస్టిక్ కళ్ళు వాడకూడదు. ఎంత గట్టిగా కుట్టినా ఒకరోజు ఊడతాయి. ఊడినది నేరుగా నోట్లోకే పోతుంది, గొంతుకు అడ్డం పడుతుంది. దారంతో కుట్టిన కళ్ళకు ఆ భయం లేదు. ఇచ్చేముందు చేయి, కాలు, ఏరియల్ ఒక్కొక్కటి పట్టుకుని గట్టిగా లాగి చూడండి. మనం లాగినప్పుడే ఊడితే మళ్ళీ కుట్టుకోవచ్చు. ఎర్రదారం రంగు దిగుతుందేమో, ఒక ముక్కను తడిపి తెల్లగుడ్డలో చుట్టి ముందే పరీక్షించండి. ఉతికేటప్పుడు దిండుగలీబులో వేసి ఉతికి, పిండకుండా ఒత్తి, నీడపట్టున ఆరబెట్టమని తీసుకున్నవాళ్ళకు చెప్పండి.

చేయి తిరిగినవాళ్ళకు ఇదంతా ఏడెనిమిది గంటల పని. ‘అంత సేపా? బజారులో కొనేస్తే పోదూ?’ అని మీరనవచ్చు. బజారుబొమ్మకు లేనిది ఒకటుంది. ఇది ఫలానా పిల్లకోసమే పుట్టిన బొమ్మ. మా వీధిలో ఒక పాపకు రెండో తరగతిలోనే కళ్ళజోడు వచ్చింది. బళ్ళో ఏడిపిస్తున్నారని పెట్టుకోనని మారాం. వాళ్ళ పెద్దమ్మ ఇలాంటి రోబో అల్లి, దాని మొహానికి నల్లదారంతో గుండ్రటి కళ్ళజోడు కుట్టి ఇచ్చింది. ఆ పాప జోడు పెట్టుకోవడం ఈ బొమ్మవల్లే మొదలైందని నేననను. తల్లి బుజ్జగింపూ ఉంది, టీచరమ్మ మందలింపూ ఉంది. కాని రాత్రి పడుకునేముందు తన జోడు తీసి ఆ బొమ్మ పక్కనే పెట్టుకుంటోంది. ఏ దుకాణంవాడికి తెలుస్తుంది చెప్పండి, ఆ పాపకు ఆ నెలలో ఏం కష్టం వచ్చిందో?

ఇంకో సంగతి. స్వెట్టర్లు, మేజోళ్ళు అల్లే యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. క్రోషా అలా కాదు. ప్రయోగశాలల్లో ప్రయత్నాలు జరుగుతున్నా, క్రోషాబొమ్మలకు ఇవాళ్టికీ మనిషి చెయ్యే కావాలి. బజారులో చవగ్గా దొరికే క్రోషాబొమ్మను కూడా ఎవరో ఒకరు కూర్చుని అల్లాల్సిందే. నేల తుడిచే రోబోలు వచ్చాయి గాని, ఈ రోబోను అల్లే రోబో మాత్రం ఇంకా మన అంగళ్ళకు రాలేదు!

అసలా రోబో అన్న మాట ఎక్కడిదో తెలుసా? 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ ఒక నాటకం రాశాడు. అందులో మనుషుల పనులన్నీ చేసిపెట్టే కృత్రిమ మనుషులుంటారు. వాళ్ళకు రోబో అని పేరు సూచించినవాడు ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో రొబోటా అంటే పూర్వం రైతులు జమీందారుకు కట్టుబడి చేయాల్సిన పని. మన భాషలో చెప్పాలంటే వెట్టిచాకిరి.

ఈ అర్థం మనం కాస్త గుర్తుంచుకోవాలి. ఎందుకంటారా? మీరు ఒక బొమ్మ అల్లి ఇవ్వగానే, ‘అబ్బ, ఎంత బాగుందో! మా బాబు పుట్టినరోజుకు వచ్చే పిల్లలకు పంచడానికి ఒక ఇరవై అల్లిపెట్టండి. ఇంట్లో ఖాళీగానే ఉంటారుగా’ అనేవాళ్ళు తయారవుతారు. బొమ్మకు 8 గంటలైతే ఇరవై బొమ్మలకు 160 గంటలు. వంటా వార్పూ అయ్యాక రోజుకు రెండు గంటలు కూర్చున్నా 80 రోజులు. పైగా దారం డబ్బులు అడగడానికి మనకు మొహమాటం.

ఇది మీకూ నాకూ మాత్రమే వచ్చిన చిక్కు కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు అందరికీ తెలిసిందే. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పగా అక్కడి ఆడవాళ్ళు అందుకున్న క్రోషా పని అది. విదేశాలకు ఎగుమతి అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ లేసు అల్లే ఆడవాళ్ళమీద మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. ఇంటిచాకిరీ అంతా చేసుకుని, దానిపైన రోజుకు ఆరేసి, ఎనిమిదేసి గంటలు అల్లినా వాళ్ళకు దక్కింది కూలి డబ్బులకన్నా తక్కువేనని ఆవిడ చూపించారు. కారణం? వాళ్ళు ‘గృహిణులు’ కదా, తీరికవేళ కాలక్షేపానికి అల్లుతున్నారు కదా అని లెక్క. కాలక్షేపం అన్న ఒక్క మాటతో వాళ్ళ కష్టానికి విలువ లేకుండా పోయింది.

అందుకని నేను చెప్పేదేమిటంటే, మీ పనిని మీరే కాలక్షేపం అనకండి. ఎవరైనా మెచ్చుకుంటే, ‘ఆఁ, ఏదో ఊసుపోక చేశానండీ’ అని తీసిపారేయకండి. ‘ఎనిమిది గంటలు పట్టింది, మీ పాపకోసం చేశాను’ అని చెప్పండి. ఇరవై కావాలన్నవాళ్ళకు రెండే దారులు చూపండి. ఒకటి, ‘దారం తెచ్చుకోండి, మధ్యాహ్నం వచ్చి కూర్చోండి, నేర్పుతాను’ అనడం. రెండు, వెల చెప్పడం. గంటకు 50 రూపాయలు వేసుకున్నా చేతిపనికే 400, దారం, దూది ఖర్చు అదనం. ఆ మాట విని వాళ్ళు వెనక్కి తగ్గితే తగ్గనివ్వండి. స్నేహం చెడదు. చెడేదే అయితే అది వెట్టిమీద నిలబడ్డ స్నేహమన్నమాట.

మనం మనసుపడి, ఫలానా పిల్లకు ఇద్దామని కూర్చుని అల్లితే అది కానుక. కాదనలేక, మొహమాటానికి అల్లితే అది రొబోటా. సూది అదే, దారం అదే, కుట్టూ అదే. తేడా మాత్రం అల్లేవాళ్ళ వేళ్ళకు తెలుస్తుంది.

ఇంట్లో ఆడపిల్లలతోబాటు మగపిల్లలకూ ఈ సూది చేతికివ్వండి. రోబో అంటే వాళ్ళే ముందుకొస్తారు. తొమ్మిది, పదేళ్ళ పిల్లలు కాళ్ళూ చేతులూ సులువుగా అల్లగలరు. ఒక్క కాలు అల్లేసరికి ఎన్నిసార్లు లెక్క తప్పుతుందో, ఎంతసేపు పడుతుందో వాళ్ళకే అర్థమవుతుంది. ఆ తరువాత అమ్మ ఖాళీగా ఉంటుందని ఆ నోటితో అనరు.

దారం ఉండ ఈ వారమే తెచ్చుకోండి మరి. ముందుగా ఎవరికి అల్లాలో ఆలోచించుకుని మొదలుపెట్టండి. సెలవు.