బుడుగు వాళ్ళ ఇల్లు



మన మద్రాసు కోడంబాక్కం స్టూడియో ఫ్లోర్ల మీద తెలుగువాళ్ళ ఇళ్ళు ఎన్ని వేశారో, ఎన్ని విప్పేశారో లెక్కలేదు. 1962లో ‘రక్తసంబంధం’ సినిమాకి మాటలు రాసి ఆ ఫ్లోర్లలోకి అడుగుపెట్టిన ముళ్ళపూడి వెంకటరమణగారు అంతకుముందే, 1950ల నడుమ, ఆంధ్రపత్రిక వీక్లీలో ఒక ఇల్లు కట్టేశారు. అదే ‘బుడుగు’ కథ. దాన్ని ఎలా చదువుకుంటే బాగుంటుందో ఈవేళ చెప్పుకుందాం.

పిల్లల నవలల్లో ఇల్లు కట్టడం అంటే లారా ఇంగల్స్ వైల్డర్ 1935లో రాసిన ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’ ఉండనే ఉంది. నాన్న దుంగలు నరికి గోడలు లేపుతాడు. సాయం పట్టిన అమ్మ కాలిమీద దుంగ జారిపడుతుంది. మేకులు లేకపోతే తలుపును చెక్క చీలలతో బిగిస్తాడు. ఆ పేజీలు చదివితే తలుపు చెయ్యడం మనకీ వచ్చేసిందనిపిస్తుంది.

కథ చెప్పే పిల్లవాడు బుడుగుకి గోడలతో పనిలేదు. వాడి ఇల్లంతా మనుషులే. అమ్మానాన్నల్ని రాధ, గోపాళం అంటాడు. ఇంట్లో చెవిన పడే పేర్లు అవే కదా! బామ్మ ఉంది, బాబాయి ఉన్నాడు. పక్కింటి లావుపాటి పిన్నిగారూ, ఆవిడ మొగుడూ కూడా వాడి లెక్కలో ఇంట్లోవాళ్ళే. బాబాయికి రెండుజెళ్ళ సీత అనే అమ్మాయి మీద ఉన్నదేమిటో బుడుగుకి తెలీదు. చూసింది చూసినట్టు చెప్పేస్తాడు. వాడికి అందనిది మనకి అందుతుంది. ఆ తేడాలోంచే నవ్వు పుడుతుంది. వాడిమీద ప్రేమా అక్కడే పుడుతుంది. పిల్లవాడి నోట ఒక్క పెద్దమాట దొర్లినా ఇదంతా కూలిపోయేది. రమణగారు దొర్లనివ్వలేదు. తెలుగు వచనంలో ఇంతకంటే కష్టమైన పని నాకు కనిపించదు.

రమణగారికి చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి పిల్లల్ని మద్రాసు తీసుకొచ్చి నానా కష్టాలూ పడి పెంచారు. నిండుగా మనుషులున్న ఈ ఇంటికీ ఆ లోటుకీ సంబంధం ఉందని నా గట్టి నమ్మకం.

పుస్తకంలో బాపుగారు వేసిన బొమ్మల దగ్గర కాసేపు ఆగండి. నాలుగు గీతల్లో బుడుగు మొండితనమంతా కనిపిస్తుంది. బొమ్మ చూసి, మళ్ళీ మాట చదివితే గొంతు వినిపిస్తుంది.

ఇది పైకి చదవాల్సిన పుస్తకం. మద్రాసులో మన పిల్లలకు బళ్ళో తమిళం, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో వినాల్సిందే. రాత్రి అన్నాలయ్యాక ఒక్క అధ్యాయం చదవండి. బామ్మ మాటలు ఇంట్లో పెద్దావిడ చేత చదివించండి. పిల్లలు నవ్వినచోట ఎందుకు నవ్వారని అడక్కుండా ముందుకి వెళ్ళండి.