మందల వెంట పుట్టిన స్వారీ

అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో వెస్టర్న్ స్వారీ పుట్టింది వినోదం కోసం కాదు, పశువుల మందలను కాయడం కోసం. మెక్సికోలోని వకేరోలనే, గుర్రమెక్కి పశువులను కాసేవారి పద్ధతే దీనికి మూలం. జీను ముందు కొమ్ములాంటి పిడి ఉంటుంది. ఉచ్చుతాడు వేసి పట్టిన పశువును దానికే బిగిస్తారు. ఒక చేతిలో తాడు ఉండాలి కనుక పగ్గాలు రెండో చేతికే. పగ్గం మెడకు తగిలితే చాలు, గుర్రం పక్కకు తిరుగుతుంది.

ఆ పనుల నుంచే పోటీలు వచ్చాయి. వాటిలో కటింగ్ అపురూపమైనది. రౌతు మందలోకి నెమ్మదిగా వెళ్లి ఒక పశువును విడదీసి, పగ్గాలు పట్టిన చేతిని కిందికి దించేస్తాడు. తిరిగి మందలో కలవాలని చూసే పశువును అడ్డుకోవడం ఇక గుర్రం వంతు. పశువు ప్రతి కదలికనూ పసిగట్టి, ఒళ్లు వంచి అటూ ఇటూ దూకుతుంది. గడువు రెండున్నర నిమిషాలే. గుర్రం తెలివికి ఇంతకన్నా మంచి పరీక్ష అరుదు.

రైనింగ్ అనే మరో పోటీలో పశువులుండవు. నిర్ణీత వరుసలో వలయాలు, గిరికీలు, వెనుక కాళ్లపై జారుతూ ఆగడం చూపాలి. ప్రదర్శన 70 మార్కులతో మొదలవుతుంది. విన్యాసాల నాణ్యతను బట్టి కలుపుతారు, తీసేస్తారు. బ్యారెల్ రేసింగ్‌లో మాత్రం వేగమే లెక్క: మూడు పీపాల చుట్టూ తిరిగి రావాలి. పీపా పడితే సాధారణంగా 5 సెకన్లు అదనంగా చేరతాయి.