ఏటవాలు కోత – చేతికి రక్ష
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ తర్వాత మనలో కొందరు వడ్రంగాన్ని కాలక్షేపంగా చేపట్టారు. మనుమల ఫోటోలకు చట్రాలు కడుతున్నారు. సంతోషమే. అయితే చేతిరంపం స్థానంలో ఇప్పుడు కరెంటుతో నడిచే మైటర్ రంపం ఇళ్ళలోకి వచ్చింది. దాని బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. అందుకే నాలుగు మాటలు మనవి చేస్తాను.

చట్రం మూలలు కలవాలంటే నాలుగు చెక్కల కొసలనూ 45 డిగ్రీల ఏటవాలుగా కోయాలి. మొత్తం 8 కోతలు. ప్రతి కోతలో అర డిగ్రీ తగ్గినా, చివరి మూలలో 4 డిగ్రీల సందు తేలుతుంది. చెక్క జరగడం ఇందుకొక ముఖ్య కారణం. నేరుగా కోసేటప్పుడు బ్లేడు చెక్కను వెనుకనున్న దన్నుపట్టీకేసి నెడుతుంది. ఏటవాలుగా కోసేటప్పుడు ఆ తోపులో కొంత పట్టీ వెంబడి పక్కకు మళ్ళుతుంది. చెక్క జారుతుంది, పట్టుకున్న చెయ్యీ దానితో జరుగుతుంది. కోతను చెడగొట్టే జారుడే వేలికీ ముప్పు తెస్తుంది.

కాబట్టి చెక్కను చేతితో అదిమిపట్టక, క్లాంపుతో బిగించండి. ప్లగ్గు తీసి ఉంచే కోణం అమర్చండి. బ్లేడును ఒకసారి చేత్తో దించి, దేనికీ తగలడంలేదని చూసుకోండి. గార్డును ఎన్నడూ కట్టిపెట్టవద్దు. చెయ్యి బ్లేడుకు కనీసం 6 అంగుళాల దూరంలో ఉండాలి. పొట్టి ముక్క కావలసివస్తే పొడవాటి చెక్కనుంచే కోయండి.

బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే చెక్కను తాకనివ్వండి. కోత అయ్యాక స్విచ్చి వదిలి, బ్లేడు కిందనే పూర్తిగా ఆగాక పైకి లేపండి. అంతవరకు తెగిన ముక్కను ముట్టవద్దు. మధ్యలో కరెంటు పోతే స్విచ్చి వదిలి, ప్లగ్గు తీసేయండి.

మన చదువు కళ్ళజోడు కంటికి రక్షణ కాదు, దానిపై భద్రతా అద్దాలు పెట్టుకోండి. కండువా, వేలాడే చొక్కా చేతులు, చేతితొడుగులు వద్దు. మగత కలిగించే మందు వేసుకున్న రోజున రంపం జోలికే పోవద్దు.

చట్రం చెడితే మరో చెక్క దొరుకుతుంది. పెన్షను నెలనెలా వస్తుంది. పోయిన వేలు మాత్రం రాదు. ఈ మాట ఇంట్లో పిల్లలకు కూడా చెప్పవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.