జీవో 3ను ఎవరు కొట్టేశారు?



2020 ఏప్రిల్ అందరికీ గుర్తే. లాక్‌డౌన్. హాస్టల్‌కు తాళం వేసి పిల్లల్ని ఇళ్ళకు పంపించాం. ఆ నెల 22న రాత్రి, మా దగ్గర చదివి డీఎడ్ చేసిన ఏజెన్సీ అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, జీవో 3 కొట్టేశారంట. ఎవరు కొట్టేశారు? మన సర్కారు ఇంకో జీవో ఇస్తే అయిపోదా?" అని ఏడ్చింది. బీఎడ్ చదివిన మాకు కూడా జవాబు రాలేదు. తర్వాత చదివి తెలుసుకున్నదే ఇప్పుడు చెప్తున్నాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 జనవరి 10న ఆ జీవో ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. బయటి టీచర్లు బడికి సరిగా రావడం లేదన్నది అప్పటి కారణం. అది అబద్ధమని మన గూడేల్లో ఎవరంటారు?

అన్నిటికంటే పైన రాజ్యాంగం. దాని కింద పార్లమెంటు, అసెంబ్లీ చేసే చట్టాలు. వాటి కింద రూల్సు, జీవోలు. కింది కాగితం పై కాగితానికి ఎదురుపోతే కోర్టులో నిలవదు. రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్ గవర్నరుకు ఏజెన్సీ విషయంలో ప్రత్యేక అధికారం ఇచ్చింది. జీవో 3 ఆ అధికారం మీదే నిలబడింది.

కేసు ముందు పరిపాలనా ట్రిబ్యునల్‌కు పోయింది, అక్కడ జీవో ఓడింది. 2001లో హైకోర్టులో ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు నిలబెట్టారు. చివరికి సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమని, గవర్నరు అధికారం ప్రాథమిక హక్కులను దాటలేదని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను మాత్రం షరతులతో ఉండనిచ్చింది. సుప్రీంకోర్టు చెప్పిన న్యాయం 141వ అధికరణం ప్రకారం దేశంలోని కోర్టులన్నిటికీ వర్తిస్తుంది. అందుకే అదే జీవో మళ్ళీ ఇస్తే చెల్లదు. ఆ తీర్పు మాకు ఇప్పటికీ బాధే.

కానీ అదే మెట్లు ఎక్కి మనవాళ్ళు గెలిచిన కేసూ ఉంది. విశాఖ ఏజెన్సీలో, బొర్రా వైపు గిరిజన భూములను ప్రభుత్వం గనుల కంపెనీలకు లీజుకిచ్చింది. సమత అనే సంస్థ హైకోర్టులో ఓడింది, ఊరుకోలేదు. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవన్నది, గిరిజనేతరులకు భూమి ఇవ్వరాదన్న నిబంధన సర్కారుకూ వర్తిస్తుందన్నది. అక్కడ హైదరాబాద్‌లో ఓడి ఢిల్లీలో గెలిచారు. మనం హైదరాబాద్‌లో గెలిచి ఢిల్లీలో ఓడాం.

మనకు మొదటి మెట్టు మహబూబాబాద్ కోర్టు. దానిపైన తెలంగాణ హైకోర్టు, 2019 జనవరి 1 నుంచి వేరుగా నడుస్తోంది. భూమి తగాదా, బాకీ అయితే సివిల్ కేసు, మనమే వేసుకోవాలి. కొట్టడం, అత్యాచారం వంటివి క్రిమినల్, పోలీసులు కేసు కడతారు, సర్కారు తరఫు వకీలు వాదిస్తాడు. గట్టు పంచాయితీ, కోడలి అలక నాయక్ ముందు తేల్చుకోండి, తప్పులేదు. ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగితే పంచాయితీలో డబ్బుకు రాజీ చేయొద్దు. అలా చేయబోయిన పెద్దమనుషులతో మేము గొడవపడ్డాం, మళ్ళీ పడతాం.

వకీలుకు డబ్బు లేదని ఆగకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, కుల ధ్రువపత్రం వెంట పెట్టుకోండి. ఫోన్ నంబరు 15100. మా హాస్టల్ నోటీసు బోర్డు మీద మెనూ పక్కనే రాసి పెట్టాం.